అమావాస్య నాడు ఆపిన సర్వర్

కరోనా తగ్గి, గద్వాల బస్సుల్లో జనం మళ్లీ నిలబడి ప్రయాణం చేయడం మొదలైన ఏడాది జూన్‌లో నాకు కొత్త బాధ్యత అప్పగించారు. అప్పుడు నేను హైదరాబాదులోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థలో సీనియర్ సిస్టమ్స్ ఇంజనీరును. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో మా సంస్థకు ఉన్న ఖాతాదారుల సర్వర్లన్నీ నేను చూసుకోవాలి. వనపర్తిలో పల్లీ వ్యాపారుల సరుకు నమోదు అప్లికేషన్, అచ్చంపేటలో ఒక విత్తనాల దుకాణం వెబ్‌సైటు, గద్వాలలో ఒక చేనేత సంఘం చీరల వెబ్‌సైటు. మాది వనపర్తి దగ్గరి ఖిల్లా ఘణపూర్ కాబట్టి అక్కడి మాట నాకు తెలుసని మేనేజరు నన్ను ఎంచాడు. నేను వనపర్తిలో ఇల్లు తీసుకున్నాను.

ఆ చేనేత సంఘం పనిలో ఒక నష్టం జరిగింది. దానికి రఫీక్ అనే గుమాస్తా కారణమని మా సంస్థ రికార్డులో ఉంది. ఆ రికార్డు రాసింది నేను. అందులో ఒక్క వాక్యం కూడా అబద్ధం కాదు. అయినా మొత్తం తప్పు. అది ఎలాగో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు పని సంగతి కొంచెం చెప్పాలి. వెబ్‌సైటు నడవాలంటే రేయింబవళ్లు వెలిగి ఉండే కంప్యూటరు ఒకటి కావాలి. ఇప్పుడు ఎవరూ దాన్ని కొని ఆఫీసులో పెట్టుకోరు. క్లౌడ్ కంపెనీల భవనాల్లో వేల కంప్యూటర్లు ఉంటాయి. వాటిలో ఒక్కోదాన్ని సాఫ్ట్‌వేరుతో భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని ఒక పూర్తి కంప్యూటరులాగా అద్దెకిస్తారు. దాన్నే వర్చువల్ మెషీన్ అంటారు. కంటికి కనబడదు, చేతికి తగలదు. మన తెర మీద ఒక పేజీ ఉంటుంది, అందులో మొదలుపెట్టే బటన్, ఆపే బటన్ ఉంటాయి.

సంఘం ఆఫీసులో ఈ సంగతి చెప్పినప్పుడు రఫీక్ వెంటనే అందుకున్నాడు.

"అంటె కిరాయి మగ్గం లెక్కనే గద సార్. మగ్గం సేటుది, నేత మనది."

ఇంతకంటే బాగా నేను ఎవరికీ చెప్పలేకపోయాను. తర్వాత చాలా చోట్ల ఈ మాటనే నా మాటగా వాడుకున్నాను.

రఫీక్‌ది ఆత్మకూరు. అప్పటికి నలభై ఏళ్లుంటాయి. రోజూ పొద్దున కృష్ణ మీది జూరాల డ్యాం మీదుగా బస్సులో గద్వాలకు వచ్చి, సాయంత్రం తిరిగి వెళ్లేవాడు. సంఘంలో నూలు, జరీ ఇచ్చిపుచ్చుకునే రిజిస్టర్లు రాయడం అతని పని. కంప్యూటరు తనంతట తానే నేర్చుకున్నాడు. నేను వెళ్లేనాటికి ఆఫీసులో ఆ యంత్రాన్ని ముట్టుకునే ధైర్యం ఉన్నది అతనొక్కడికే.

ఆ సంఘానికి అసలు ఆస్తి తిమ్మప్ప గీసిన నక్షాలు. తిమ్మప్ప డెబ్బై దాటిన డిజైనర్. చీర అంచులో హంస రావాలన్నా, కొంగులో గోపురం రావాలన్నా ముందు గళ్ల కాగితం మీద గీయాలి. ఒక్కో గడి ఒక్కో పోగు. గళ్లు లెక్కపెట్టుకుంటూ మగ్గానికి అల్లిక కడతారు. తిమ్మప్ప గీసినవి, ఆయన మామ గీసినవి కలిపి మూడు ట్రంకు పెట్టెల నిండా ఉండేవి. కొన్ని చెదలు తిన్నాయి. కొన్ని మడత విప్పితే పొడిగా రాలేవి.

వాటన్నిటినీ స్కాన్ చేసి సర్వర్‌లో పెట్టాలన్నది మా ఒప్పందంలో ఒక భాగం. ఆ పని రఫీక్ చేశాడు. ఐదు నెలలు పట్టింది. చిరిగిన కాగితాన్ని గాజు మీద పరిచి, ముక్కలు కలిపి, తిమ్మప్పను పక్కన కూర్చోబెట్టుకుని ఏది ఎటు వస్తుందో అడిగి స్కాన్ చేసేవాడు. ఒక్కోదానికి తిమ్మప్ప చెప్పిన పేరు పెట్టేవాడు. ఆ ఇద్దరి మధ్య తగువు లేని రోజు నేను చూడలేదు.

"నెమిలికి తల కింద పెట్టినవేందిరా? సాయిబులు నెమిలిని సూడలేదా?"

"మీరు గీసినంక నెమిలో, కోడో ఎట్ల తెలుస్తది పెద్దనాయిన?"

స్కాన్ అయిపోయిన కాగితాలను ఏం చేయాలని రఫీక్ ఒకసారి నన్ను అడిగాడు. అన్నీ సర్వర్‌లోకి వచ్చాయి కదా, ఇక కాగితాలతో పని లేదన్నాను. ఆఫీసు కంప్యూటరులో ఉన్న స్కాన్ల నకలు కూడా తీసేయమన్నాను. ఒకే వస్తువు రెండు చోట్ల ఉంటే ఏది సరైనదో తెలియక గందరగోళం అవుతుందనేది మా వృత్తిలో ఒక సూత్రం. అది లెక్కలకు, చిరునామాలకు వర్తించే సూత్రం. ఒక్కసారి పోతే మళ్లీ రాని వస్తువుకు వర్తించదు. ఆ తేడా నేను ఆలోచించలేదు.

తిమ్మప్ప మాత్రం కాగితాలను కాల్చొద్దన్నాడు. వాటిలో అమ్మవారి బొమ్మలు కూడా ఉన్నాయి, ఎవరూ తొక్కకూడదు. "ఎట్లన్నా దినాం కృష్ణ దాటుతవు గద. నీళ్ల ఇడిసిపెట్టు" అని రఫీక్‌కు అప్పగించాడు. రఫీక్ వాటిని రోజుకొక మూటగా తెల్ల గుడ్డలో కట్టుకుని పోయి, జూరాల దగ్గర బస్సు దిగి, నీళ్లలో వదిలి, తర్వాతి బస్సుకు ఇంటికి వెళ్లేవాడు. మూడు పెట్టెలూ ఖాళీ అయ్యాయి.

ఇక అమావాస్య సంగతి. అక్కడి నేతగాళ్లు అమావాస్య నాడు మగ్గం ముట్టరు. మగ్గానికి పసుపు కుంకుమ పెట్టి, దండం పెట్టి వదిలేస్తారు. వెబ్‌సైటు మొదలైన రెండో నెలలో సంఘం అధ్యక్షుడు నరసింహులు నన్ను పిలిచి, ఆ రోజు సర్వర్ కూడా ఆపాలన్నాడు.

"మగ్గం బందున్న దినం దుకానం తెరిసి కూసుంటె బాగుంటదా సార్? ఆర్డరొస్తె ఏమని జెప్పాలె?"

తిమ్మప్ప పక్కనే ఉన్నాడు. "మగ్గానికి కుంకుమ పెడ్తం. మీ మిషనుకు యాడ పెడ్తరు? దానికి మొగమే లేకపాయె" అన్నాడు.

అందరం నవ్వాం. నెలకొక రోజు సర్వర్ ఆపడంలో నాకు అభ్యంతరం కనబడలేదు. ఆ ఒక్క రోజు కోసం నేను గద్వాల రానక్కర లేకుండా ఆ పని రఫీక్‌కు నేర్పాను. ఒక తెల్ల కాగితం మీద ఐదు అంశాలు నా చేత్తో రాశాను. ఏ పేజీ తెరవాలి, ఏ పేరుతో లోపలికి వెళ్లాలి, ఏ బటన్ నొక్కాలి, "ఆగింది" అని తెర మీద వచ్చేదాకా చూడాలి, మరునాడు పొద్దున ఏ బటన్ నొక్కాలి. కింద నా సంతకం, తారీకు. రఫీక్ దాన్ని తన కుర్చీ వెనక గోడకు నాలుగు మూలలా టేపు వేసి అంటించాడు. ఐదు అమావాస్యలు ఏ ఇబ్బందీ లేకుండా గడిచాయి.

ఆరో అమావాస్య అయిన మరునాడు మా మేనేజరు ఫోన్ చేశాడు. హైదరాబాదులో చేనేత ప్రదర్శన దగ్గరపడింది, వెబ్‌సైటు నెమ్మదిగా తెరుచుకుంటోందని సంఘం ఫిర్యాదు చేసింది, ఆ రోజే సరిచేయమన్నాడు. చూస్తే సర్వర్ డిస్కు దాదాపు నిండిపోయి ఉంది. రఫీక్ చేసిన స్కాన్లు చాలా పెద్ద ఫైళ్లు.

అద్దె యంత్రంలో డిస్కులు రెండు రకాలు. ఒకటి శాశ్వత డిస్కు. యంత్రాన్ని ఆపినా, మళ్లీ మొదలుపెట్టినా అందులో ఉన్నది ఉంటుంది. రెండోది తాత్కాలిక డిస్కు. చాలా వేగంగా పనిచేస్తుంది, కానీ యంత్రం నడుస్తున్నంతసేపే దాని మీద భరోసా. ఆ పేజీలో బటన్ నొక్కి యంత్రాన్ని ఆపితే దాన్ని కంపెనీకి తిరిగి అప్పజెప్పినట్టు. మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఇంకో యంత్రం రావచ్చు, తాత్కాలిక డిస్కు ఖాళీగా వస్తుంది. ఇంటికి తాళం వేసి ఊరెళితే లోపల పెట్టిన సామాను ఉంటుంది, అరుగు మీద పెట్టినది ఉండదు. ఆ డిస్కు తెరవగానే ఇక్కడ పెట్టినవి పోవచ్చని హెచ్చరించే ఫైలు ఒకటి కనబడుతుంది. నాకూ కనబడింది.

నేను స్కాన్లన్నిటినీ శాశ్వత డిస్కు నుంచి తీసి తాత్కాలిక డిస్కులోకి మార్చాను. రెండు రోజుల్లో పెద్ద శాశ్వత డిస్కు తీసుకుని వాటిని అక్కడికి చేర్చాలనుకున్నాను. సైటు వేగం అందుకుంది. సంఘం వాళ్లు మెచ్చుకున్నారు. మూడో రోజు పల్లీ వ్యాపారుల అప్లికేషన్ ఆగిపోతే వనపర్తిలో కూర్చుండిపోయాను. తర్వాత మరిచిపోయాను. మా బ్యాకప్ ప్రోగ్రాం శాశ్వత డిస్కుకు మాత్రమే నకలు తీస్తుంది, పద్నాలుగు రోజుల నకళ్లు మాత్రమే దాస్తుంది. అమావాస్యకూ అమావాస్యకూ మధ్య దాదాపు ముప్పై రోజులు. అంటే ఏడో అమావాస్య వచ్చేసరికి ఆ స్కాన్లు ఉన్న చివరి బ్యాకప్ కూడా చెరిగిపోయి రెండు వారాలు దాటింది.

ఏడో అమావాస్య నాడు రఫీక్ గోడ మీది కాగితం చూసి ఆ బటన్ నొక్కాడు. "ఆగింది" అని వచ్చేదాకా చూశాడు. ఇంటికి వెళ్లిపోయాడు.

మరునాడు పొద్దున తొమ్మిదిన్నరకు నాకు ఫోన్ వచ్చింది. "సార్, సైటు ఒచ్చింది గని నక్షాలు తెరుసుకుంటలేవు. జర సూడుండ్రి" అన్నాడు. గొంతులో కంగారు లేదు. మామూలు ఫిర్యాదు చెప్పినట్టే చెప్పాడు. నాకు మాత్రం ఆ క్షణమే తెలిసిపోయింది. అయినా చూస్తానన్నాను.

గద్వాల చేరేదాకా బస్సులో క్లౌడ్ కంపెనీ సహాయ కేంద్రంతో మాట్లాడుతూనే ఉన్నాను. వాళ్లు మర్యాదగా ఒకే మాట చెప్పారు, తాత్కాలిక డిస్కులోనివి తిరిగి రావు. సైటులో చూపించడానికి తయారుచేసిన చిన్న బొమ్మలు మాత్రం శాశ్వత డిస్కులో మిగిలాయి. ఆఫీసుకు వెళ్లాక తిమ్మప్ప కళ్లద్దాలు సవరించుకుని వాటిని చూశాడు. పెద్దవి చేయమన్నాడు. చేస్తే మసకబారాయి.

"హంస కనబడ్తుంది. గడి కనబడ్తలేదు" అన్నాడు.

గడి కనబడకపోతే అది ఫోటో మాత్రమే. దాన్ని పెట్టుకుని నేయలేరు.

ఇలాంటి నష్టాన్ని మా సంస్థలో మొదటి స్థాయి సంఘటన అంటారు. రెండు పని దినాల్లో మూల కారణ నివేదిక ఇవ్వాలి. మేనేజరుకు ఫోన్ చేసినప్పుడు నేను జరిగిందంతా చెప్పలేదు, కొంత చెప్పాను. ఆయన అడిగింది ఒక్కటే: "సర్వర్ ఆపింది మనమా, వాళ్లా?"

"వాళ్లు" అన్నాను.

"అయితే అదే రాయండి."

ఆ మధ్యాహ్నం రఫీక్ టీ చెప్పి రావడానికి బయటికి వెళ్లాడు. తిమ్మప్ప, నరసింహులు లోపలి గదిలో ఉన్నారు. నేను లేచి గోడ మీది కాగితం ఊడదీసి, మడిచి, ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకున్నాను. టేపు ముక్కలు గోడకే ఉండిపోయాయి. ఆ పని ముందుగా అనుకుని చేయలేదని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. ముందుగా అనుకోలేదేమో, కానీ నాలుగు మూలలూ చిరక్కుండా జాగ్రత్తగానే తీశాను.

రెండు రోజుల తర్వాత అదే గదిలో జరిగిన సంఘం సమావేశంలో నివేదిక చదివాను. "ఖాతాదారు కార్యాలయం నుంచి సర్వర్‌ను నిలిపివేయడం వల్ల తాత్కాలిక నిల్వలోని సమాచారం తొలగిపోయింది" అన్నది అందులో ముఖ్యమైన వాక్యం. ఆరుసార్లు ఏమీ కాలేదు కాబట్టి ఈసారి ఏదో తప్పు బటన్ నొక్కి ఉంటాడని అందరూ రఫీక్ వైపు చూశారు.

"సార్ రాసిచ్చినట్టే చేసిన" అన్నాడు రఫీక్.

"ఏడుంది రాసిచ్చింది? సూపియ్యి" అన్నాడు నరసింహులు.

రఫీక్ తిరిగి గోడ వైపు చూశాడు. నాలుగు టేపు ముక్కలు ఉన్నాయి. తర్వాత నా వైపు చూశాడు. నేను చేతిలోని నివేదికలో రెండో పేజీ తిప్పాను. అతను "లేదు" అన్నాడు.

తిమ్మప్ప ఆ రోజు అన్న మాట నాకు బాగా గుర్తుంది. కోపంగా అనలేదు, అలసిపోయిన మనిషిలా అన్నాడు. "నీళ్ల ఇడిసినవి సాల్లేదారా రఫీకు? మిగిలినయి గిట్ల పోగొడ్తివి."

రఫీక్‌ను ఎవరూ పొమ్మనలేదు. మరునాటి నుంచి అతనే రాలేదు. రిజిస్టర్లు, బీరువా తాళాలు ఎవరి చేతనో పంపాడు. తిమ్మప్ప పాత చీరలు తెప్పించుకుని, భూతద్దంతో పోగులు లెక్కపెట్టి కొన్ని నక్షాలు మళ్లీ గీశాడని తర్వాత విన్నాను. ఎన్ని గీశాడో అడగలేదు. సంఘం మా ఒప్పందం కొనసాగించింది. అమావాస్య నాడు సర్వర్ ఆపే పని అప్పటి నుంచి నేనే చేశాను.

నిరుడు యాభై రెండేళ్లకు స్వచ్ఛంద విరమణ తీసుకుని వనపర్తిలోనే ఉండిపోయాను. ఒక కళాశాల వాళ్లు సర్వర్ల నిర్వహణ గురించి విద్యార్థులకు నాలుగు మాటలు చెప్పమని పిలిచారు. సమాచారం ఎలా పోతుందో చెబుతూ గద్వాల సంగతి ఉదాహరణగా చెప్పాను. పేరు చెప్పలేదు. అమావాస్య నాడు సర్వర్ ఆపేసిన గుమాస్తా అన్నాను. పిల్లలు పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఈ కథను ఇలా నవ్వించేలా చెప్పడం నాకు ఎప్పుడో అలవాటైపోయింది.

వెనక వరుసలో ఒకమ్మాయి లేచి నిలబడింది. "సార్, ఆయనకు ఆ బటన్ ఎవరు సూపిచ్చిండ్రు?"

ఆ ప్రశ్న మా సంస్థలో ఎవరూ అడగలేదు. సంఘంలో ఎవరూ అడగలేదు. నేను సమయం అయిపోయిందన్నాను.

ఇంటికి వచ్చి పాత ల్యాప్‌టాప్ సంచి తీశాను. కాగితం అందులోనే ఉంది. మూడో రోజు ఆత్మకూరు వెళ్లాను.

రఫీక్ బస్టాండు దగ్గర చీరలకు ఫాల్ కుట్టే దుకాణం పెట్టుకున్నాడు. నన్ను చూసి మిషను ఆపి లేచాడు. కుర్చీ వేశాడు, టీ చెప్పాడు. నేను కాగితం తీసి అతని ముందు పెట్టాను. చెప్పాల్సింది బస్సులో తయారుచేసుకున్నాను కానీ సగం కూడా చెప్పలేకపోయాను. తాత్కాలిక డిస్కు సంగతి మాత్రం పూర్తిగా చెప్పాను. అతను మధ్యలో అడ్డురాకుండా విన్నాడు.

"గిది మీరు తీస్తుంటె సూసిన సార్. టీ జెప్పి కిటికి పక్కనుంచి వస్తున్న."

మరి సమావేశంలో ఎందుకు చెప్పలేదని అడిగాను.

"ఏమని జెప్త? సార్ సంచిల ఉంది, ఎతుకుండ్రి అనాల్నా? పెద్ద సారు మీరు. మీరే తీసిస్తరని సూసిన. మీరు పేజీ తిప్పితిరి."

నివేదికను సరిచేసి రాస్తానని, సంఘంలో అందరి ముందు చదువుతానని చెప్పాను.

"సదువుండ్రి. నాకైతె పెద్దనాయిన ఒక్కడు ఇంటె సాలుండె. ఆయన పోయిన సంగతి తెల్వదా మీకు? పోయిన చలికాలం పోయిండు. నేను పోయిన మట్టికి. దూరం నిలబడ్డ. ఆయన కొడుకు నాతోని మాట్లాడలే."

నాకు తెలియదు. తిమ్మప్ప గురించి నేను ఎవరినీ అడగలేదు.

కాగితం అతనికే ఇవ్వబోయాను. తీసుకోలేదు. "నాకెందుకు సార్? యాడికెల్లి తీసిండ్రో ఆడనే పెట్టుండ్రి" అన్నాడు. అప్పటికే ఒకామె చీర పట్టుకుని దుకాణం ముందు నిలబడింది. అతను తిరిగి మిషను దగ్గర కూర్చున్నాడు.

సరిచేసిన నివేదికను మా పాత సంస్థకు పంపాను. ఆ సంఘటన మూసివేసిన జాబితాలో ఉంది, మళ్లీ తెరవడం కుదరదని ఒక్క వాక్యం జవాబు వచ్చింది. గద్వాల సంఘంలో మాత్రం చదివాను. తిమ్మప్ప కొడుకు కూడా వచ్చాడు. నరసింహులు చివరిదాకా విని, "నాలుగేండ్లు మీతోనే బంద్ పెట్టిస్తిమి గద సార్ ఆ మిషనును" అన్నాడు. తర్వాత మినిట్స్ పుస్తకంలో రాయించాడు. గోడకు కొత్తగా సున్నం వేశారు, టేపు గుర్తులు లేవు. రఫీక్ కుర్చీ ఎక్కడ ఉండేదో గుర్తు తెచ్చుకుని, సుమారుగా ఆ చోటే కాగితం అంటించాను. తిమ్మప్ప కొడుకు దగ్గరికి వచ్చి ఐదు అంశాలూ చదివాడు, కింద సంతకం చూశాడు. చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

ఈ పని నేర్చుకునేవారికి నేను చెప్పగలిగినవి రెండే. పోతే తిరిగి రాని వస్తువును రెండు రోజుల కోసమైనా తాత్కాలిక డిస్కులో పెట్టకూడదు. ఇది నాకు మొదటి నుంచీ తెలుసు. రెండోది, మూల కారణ నివేదిక ఫారంలో బటన్ ఎవరు నొక్కారో రాసే గడి ఉంటుంది, ఎవరు నేర్పారో రాసే గడి ఉండదు. ఫారంలో లేకపోయినా అది ముందు రాయాలి, నింద పడ్డ మనిషికి తెలిసినవాళ్లంతా బతికి ఉండగా రాయాలి.